రాజీకి లోబడని పల్లెలు: ఒంగోలు మాదిగ క్రైస్తవుల మూడు నియమాలు, వాటి మూల్యం (1866–1878)

వ్యాససంగ్రహం

లోకంతో రాజీపడకూడదు, విశ్వాసంలో తటపటాయించకూడదు అన్న బోధ క్రైస్తవానికి మొదటినుంచీ ఉన్నదే. అయితే ఒక నిర్దిష్ట కాలంలో, ఒక నిర్దిష్ట సమాజంలో రాజీ అంటే ఏమిటో, దాన్ని నిరాకరించినవారు ఏం పోగొట్టుకున్నారో తెలుసుకోవడానికి చరిత్రను ఆశ్రయించాలి. 1866–1878 మధ్య ఒంగోలు ప్రాంతంలో అమెరికన్ బాప్తిస్టు మిషను ద్వారా క్రైస్తవం స్వీకరించిన మాదిగలకు మూడు నియమాలు విధించారు: ఆదివారం పనిచేయరాదు, చచ్చిన పశువు మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు. ఈ నియమాలు గ్రామ వృత్తిసంబంధాలను ఎలా తాకాయో, మిషను ఎక్కడ తటపటాయించిందో, కరువుకాలంలో ఆ నిష్ఠ ఏ పరీక్షకు లోనైందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఒంగోలు, బాప్తిస్టు మిషను, మాదిగలు, జాన్ క్లౌ, యెర్రగుంట్ల పేరయ్య, వెట్టి, ధాత కరువు, డప్పు.

1. ఉపోద్ఘాతం

కర్మెలు కొండమీద ఏలీయా ప్రజలను నిలదీసిన ఘట్టం, ఆస్తిని వదులుకోలేక విచారంతో వెనుదిరిగిన యువకుని కథ, లవొదికయ సంఘానికి అందిన హెచ్చరిక — ఈ మూడింటినీ తెలుగు క్రైస్తవ ప్రసంగాలలో తరచుగా వింటాం. వీటన్నిటి సారాంశం ఒక్కటే. రెండు పక్షాల మధ్య ఊగిసలాడే మనసుతో దేవుణ్ణి సేవించడం సాధ్యం కాదు. ఈ బోధను సాధారణంగా వ్యక్తి అంతరంగానికి సంబంధించిన విషయంగానే వ్యాఖ్యానిస్తారు. ధనాశ, వినోదాలు, దురలవాట్లు, లోకమర్యాద అనేవి అక్కడ రాజీకి ఉదాహరణలుగా నిలుస్తాయి.

పంతొమ్మిదో శతాబ్దపు తెలుగు పల్లెలో ఒక మాదిగ కుటుంబానికి ఈ బోధ వేరే రూపంలో ఎదురైంది. వారు వదులుకోవలసిన ‘లోకం’ విలాసాలతో నిండినది కాదు. అది కల్లంలో దొరికే గింజలు, రైతు పిలిస్తే వెళ్లవలసిన పని, జాతరలో మోగించవలసిన డప్పు. ఆ లోకంతో తెగతెంపులు చేసుకోవడమంటే మరుసటి పూట కూటికి హామీ లేకుండా చేసుకోవడమే. కనుక ‘రాజీ’ అనే నైతిక భావనను గ్రామ ఆర్థిక వ్యవస్థలో నిలిపి చూడవలసిన అవసరం ఉంది.

ఒంగోలు ఉద్యమంపై ఇంతవరకు వచ్చిన రచనల్లో రెండు ధోరణులు ప్రధానంగా కనిపిస్తాయి. మిషను చరిత్రలు దీన్ని దైవకార్యంగా, విశ్వాసవీరుల గాథగా వర్ణించాయి. మరో ధోరణి సామూహిక మతాంతరీకరణను ఆహారం, రక్షణ, విద్య వంటి ప్రయోజనాల కోసం జరిగిన కదలికగా వివరించింది. మొదటి ధోరణిలో సామాన్యుల లెక్కలు, భయాలు కనబడవు. రెండవదానిలో వారి నైతిక నిర్ణయశక్తి కనబడదు. ఈ రెండు లోపాలనూ సరిచూసుకోవడానికి మూడు నియమాల అమలు ఒక అనువైన ఆధారం. అమలులోనే లెక్క, నిర్ణయం రెండూ బయటపడతాయి.

ఇక్కడ ఆధారాల స్వభావాన్ని కూడా గమనించాలి. ఈ కాలానికి సంబంధించి మనకు ఎక్కువగా దొరికేవి మిషనరీల రాతలే. వాటిలో ఎమ్మా రౌషన్‌బుష్ క్లౌ 1899లో ప్రచురించిన ‘వైల్ సూయింగ్ శాండల్స్’, జాన్ క్లౌ చెప్పగా ఆమె కూర్చిన ‘సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్’ (1914) ముఖ్యమైనవి. మొదటి గ్రంథం వృద్ధ ప్రచారకుల జ్ఞాపకాలపై ఆధారపడింది. రెండవది సంఘటనలు జరిగిన దశాబ్దాల తర్వాత వెలువడింది. మాదిగల మాట మనకు మిషనరీ కలం ద్వారా, అందులోనూ ఆంగ్లంలో చేరుతోంది. అందువల్ల సంఘటనలను స్వీకరిస్తూనే వాటికి జోడించిన వ్యాఖ్యానాన్ని వేరుచేసి చదవడం అవసరం.

2. రాజీ అనే సమస్య: పూర్వరంగం

క్రైస్తవ సంఘం రాజీ సమస్యను విస్తృత స్థాయిలో ఎదుర్కొన్న తొలి సందర్భాలలో క్రీ.శ. 250 నాటి డీసియస్ చక్రవర్తి ఆజ్ఞ ఒకటి. సామ్రాజ్యవాసులు దేవతలకు బలి అర్పించి, అర్పించినట్లు అధికారుల వద్ద ధ్రువపత్రం పొందాలని ఆ ఆజ్ఞ నిర్దేశించింది. అటువంటి పత్రాలు ఈజిప్టులో పపైరస్ రూపంలో దొరికాయి. క్రైస్తవులలో కొందరు ప్రాణాలకు తెగించి నిరాకరించారు. కొందరు బలి అర్పించారు. మరికొందరు బలి అర్పించకుండానే డబ్బిచ్చి పత్రం సంపాదించారు. తర్వాత వీరిని సంఘంలో తిరిగి చేర్చుకోవచ్చా అన్న వివాదం తలెత్తినప్పుడు కార్తేజి బిషప్పు సిప్రియను మధ్యేమార్గం చూపాడు. బలి అర్పించినవారిని, పత్రం కొన్నవారిని ఒకే గాటన కట్టకుండా, వారి పశ్చాత్తాపాన్నిబట్టి నిర్ణయించాలన్నది ఆయన పద్ధతి. రాజీలోనూ తరతమభేదాలుంటాయని సంఘం అప్పుడే గుర్తించింది.

భారతదేశంలో ఈ సమస్య ప్రధానంగా కులం రూపంలో వచ్చింది. దక్షిణాదిలోని పాత లూథరన్ సంఘాలలో వేర్వేరు కులాలవారు వేర్వేరుగా కూర్చోవడం, ప్రభురాత్రి భోజనాన్ని కులక్రమంలో స్వీకరించడం వంటి ఆచారాలు కొనసాగాయి. 1833లో కలకత్తా బిషప్పు డేనియల్ విల్సన్ సంఘంలో కులభేదం పూర్తిగా పోవాలని ఆజ్ఞాపత్రం పంపాడు. తంజావూరు మొదలైనచోట్ల అది తీవ్ర వ్యతిరేకతను ఎదుర్కొంది. 1850లో మద్రాసు మిషనరీ సమావేశం కులాన్ని క్రైస్తవానికి విరుద్ధమైనదిగా ప్రకటించగా, లైప్జిగ్ లూథరన్ మిషను ఆ వైఖరితో ఏకీభవించలేదు.

తెలుగునేలపైనా ఇటువంటి సర్దుబాట్లు ఉన్నాయి. రాబర్ట్ నోబుల్ 1843లో మచిలీపట్నంలో ప్రారంభించిన పాఠశాల తొలి దశలో అగ్రవర్ణ బాలురకే పరిమితమైంది. సమాజంలో పైమెట్టున ఉన్నవారు మారితే కిందివారు అనుసరిస్తారన్న నమ్మకం దీని వెనుక ఉంది. కనుక ‘లోకంతో రాజీ’ అన్నది మతం మారిన పేదల బలహీనత మాత్రమేనన్న అభిప్రాయం సరికాదు. మిషను సంస్థల విధానంలోనే అది ఒక భాగంగా ఉండేది.

3. ఒంగోలులో తటపటాయింపు: 1866–1867

అమెరికన్ బాప్తిస్టు తెలుగు మిషను 1836లో శామ్యూల్ డే రాకతో మొదలై, 1840లో నెల్లూరులో స్థిరపడింది. ఫలితాలు లేవన్న కారణంతో దీన్ని మూసివేయాలన్న ఆలోచన అమెరికాలో పలుమార్లు వచ్చింది. 1854 జనవరి 1న లైమన్ జ్యూయెట్ దంపతులు, మరి ముగ్గురు తెలుగు క్రైస్తవులు కలిసి ఒంగోలు సమీపంలోని కొండపై ప్రార్థించిన సంఘటన మిషను స్మృతిలో ప్రసిద్ధమైంది. 1865లో భారతదేశానికి వచ్చిన జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలు చేరాడు. 1867 జనవరి 1న ఎనిమిదిమంది సభ్యులతో అక్కడ సంఘం ఏర్పడింది.

ఉద్యమానికి బీజం మాత్రం మిషను బంగళాలో పడలేదు. ఒంగోలుకు పడమట తాళ్లకొండపాడుకు చెందిన యెర్రగుంట్ల పేరయ్య తోళ్ల వర్తకుడు, మాదిగ. క్రైస్తవం గురించి వినకముందే ఆయన రాజయోగ మార్గంలో ఉన్నవాడు. బండికట్ల వీరమ్మ అనే స్త్రీ గురువువద్ద ఉపదేశం పొందాడు. విగ్రహారాధనపట్ల విముఖత, ఒకే పరమాత్మ అన్న భావన ఆయనకు ఆ సాధనలోనే అలవడ్డాయి. తోళ్ల వ్యాపారం నిమిత్తం ఉత్తరాన ఏలూరు వైపు తిరిగినప్పుడు క్రైస్తవ బోధ ఆయన చెవిన పడింది. 1866లో బాప్తిస్మం పొందిన తర్వాత తన బంధువర్గంలో, తాను తిరిగే పల్లెల్లో ఆ విశ్వాసాన్ని ప్రచారం చేశాడు. 1867 జనవరిలో వెల్లంపల్లి వద్ద జరిగిన కూటాలలో ఇరవై ఎనిమిదిమంది బాప్తిస్మం పొందడానికి పేరయ్య చేసిన పనే పునాది. విశ్వాసంలో స్థిరత్వం మిషనరీ నేర్పగా వచ్చినదని భావించేవారు ఈ పూర్వచరిత్రను గమనించాలి. యోగమార్గంలో ఉన్ననాడే ఆయన లోకాచారాన్ని ప్రశ్నించడం నేర్చుకున్నాడు.

ఇదే కాలంలో క్లౌ ఒక సంకటంలో పడ్డాడు. ఆయన బోధపట్ల ఒంగోలు బ్రాహ్మణులలో, ఇతర అగ్రవర్ణాలలో కొందరు ఆసక్తి చూపారు. వారి పిల్లలకోసం పాఠశాల కూడా నడుస్తోంది. మాదిగలు బాప్తిస్మం కోరి వస్తున్నారని తెలియగానే వారు తమ అభిప్రాయం స్పష్టం చేశారు. మాదిగలను చేర్చుకుంటే తాము రామన్నారు. నోబుల్ అనుసరించిన దారి క్లౌ ముందు కూడా ఉంది. అగ్రవర్ణాలను ముందు చేర్చుకొని, మిగిలినవారిని తర్వాతకు వాయిదా వేయవచ్చు. అది మిషను గౌరవాన్ని పెంచే దారి. పాఠశాల నిలిచే దారి.

క్లౌ తన జ్ఞాపకాలలో ఈ ఘట్టాన్ని విశేషంగా చెప్పుకున్నాడు. ఆయనా, ఆయన భార్య హారియెట్టూ వేర్వేరు గదులలో, ఒకరికొకరు తెలియకుండా క్రొత్త నిబంధన తెరవగా ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయంలోని ఒకే భాగం కనబడిందట. లోకం తక్కువగా చూసేవారినే దేవుడు ఎన్నుకున్నాడని చెప్పే భాగమది. దశాబ్దాల తర్వాత చెప్పిన ఈ కథలో దైవసంకల్పానికి అనుగుణంగా కుదిరిన రూపం స్పష్టంగా కనిపిస్తుంది. చరిత్రకారునికి అంతకన్నా ముఖ్యమైనది ఆయన నిజంగా తటపటాయించాడన్న విషయం. నిర్ణయం సులభమైనదైతే అటువంటి సూచన అవసరమయ్యేది కాదు. మాదిగలను చేర్చుకోగా అగ్రవర్ణ బాలురు పాఠశాల విడిచారు. రాజీని నిరాకరించినందుకు మిషను చెల్లించిన మూల్యం అది. మాదిగలు చెల్లించినదానితో పోలిస్తే అది స్వల్పం.

4. మూడు నియమాలు, గ్రామ ఒడంబడిక

కొత్తగా చేరినవారు దీర్ఘమైన విశ్వాసప్రమాణాలు చదవగలిగినవారు కారు. అందువల్ల వారి జీవితంలో కనబడవలసిన మార్పును క్లౌ మూడు మాటల్లో కుదించాడు: ఆదివారం పని మానాలి; చచ్చిన పశువు మాంసం మానాలి; విగ్రహపూజ మానాలి. వినడానికి ఇవి సాధారణ మతనియమాలు. గ్రామంలో మాదిగల స్థానాన్ని తెలుసుకుంటే వాటి అసలు బరువు అర్థమవుతుంది.

తోలు పని మాదిగల వృత్తి. రైతు కాలికి చెప్పులు, ఎడ్లకు పలుపులు, కాడికి కట్టే తోలుపట్టెలు, బావినుంచి నీరుతోడే కపిలకు కావలసిన తోలు బాన వారి చేతులమీదుగానే తయారయ్యేవి. బాన చినిగితే నీరు ఆగిపోతుంది. నీరు ఆగితే పైరు ఎండుతుంది. ఈ పనులకు వారికి రోజుకూలీ ఉండదు. పంట నూర్చిన కల్లంలో కుటుంబానికి ఇంత అని గింజలు కొలిచి ఇస్తారు. ఇవి కాక నాట్లు, కోతల సమయంలో పొలం పని, అధికారుల రాకపోకలకు మూటలు మోయడం వంటి వెట్టి తప్పవు. ఊళ్లో పశువు చస్తే దాన్ని ఈడ్చుకుపోవడం వారి బాధ్యత. దాని తోలు వృత్తికి, మాంసం తిండికి ఉపయోగపడేది. జాతరల్లో, కొలుపుల్లో డప్పు వాయించడం, అమ్మవారికిచ్చే బలిలో నిర్ణీతమైన పాత్ర నిర్వహించడం కూడా ఈ ఒడంబడికలో భాగమే.

ఈ నేపథ్యంలో మూడు నియమాలనూ ఒక్కొక్కటిగా చూద్దాం.

*ఆదివార నియమం* శ్రమపై అధికారాన్ని తాకింది. కోతల కాలంలో ఆదివారం, సోమవారం అన్న భేదం రైతుకు లేదు. పిలిచినప్పుడు రావడమే మాదిగ ధర్మమని ఆయన భావన. ఏడు రోజులలో ఒక రోజు తనదని మాదిగ అనడం, మిగిలిన ఆరు రోజుల పని కూడా బేరానికి లోబడినదేనని చెప్పడంతో సమానమైంది. మతపరమైన విశ్రాంతిదినం వెట్టిపై తొలి హద్దుగా మారింది.

*మాంసనియమం* ఆకలిని తాకింది. చచ్చిన పశువు మాంసం వారికి దొరికే కొద్దిపాటి అదనపు ఆహారంలో ఒకటి. దాన్ని వదులుకోవడం ఇంటి ఆడవారికి, పిల్లలకు నేరుగా తగిలే నష్టం. అదే సమయంలో, ఆ తిండినే కారణంగా చూపి సమాజం వారిని హీనపరిచేది గనుక, దాన్ని మానడం ఆత్మగౌరవ ప్రకటన కూడా అయింది.

*విగ్రహనియమం* గ్రామ ఐక్యతను తాకింది. పోలేరమ్మకో గంగమ్మకో జాతర చేయడం వ్యక్తిగత భక్తికి మాత్రమే సంబంధించినది కాదు. కలరా, మశూచి, అనావృష్టి రాకుండా ఊరంతా కలిసి చేసే రక్షణకార్యమది. డప్పు మోగకపోతే తంతు పూర్తికాదు. తంతు పూర్తికాకపోతే అమ్మవారి ఆగ్రహం ఊరందరిమీదా పడుతుందని నమ్మకం. కనుక మాదిగ నిరాకరణను రైతులు ఊరిపట్ల ద్రోహంగా భావించడంలో వారి దృష్టినుంచి అర్థముంది.

ఈ విధంగా మూడు నియమాలూ శ్రమ, ఆహారం, ఆచారం అనే మూడు పోగులను పట్టి లాగాయి. ఏ ఒక్కటి వదిలినా ఒడంబడిక బలహీనపడుతుంది. మూడూ ఒకేసారి వదిలితే గ్రామం ఊరుకోలేదు.

5. నిరాకరణ మూల్యం

గ్రామాలు ఎలా ప్రతిస్పందించాయో క్లౌ రచనలో వివరంగా ఉంది. చాకలి వారి బట్టలు ఉతకరాదని, కుమ్మరి వారికి కుండలు అమ్మరాదని కట్టడి చేశారు. ఉమ్మడి బీళ్లలోకి వారి పశువులను రానివ్వలేదు. చెప్పులు, తోలుపట్టెల పని ఇవ్వలేదు. కోతల కాలంలో పొలంలోకి పిలవక, కల్లంలో రావలసిన గింజలు నిలిపివేశారు. కొన్నిచోట్ల నీటికి కూడా ఇబ్బంది కలిగించారు. అబద్ధపు కేసులు, దెబ్బలు సరేసరి. క్రీ.శ. 250లో ఆజ్ఞ చక్రవర్తినుంచి వచ్చింది. ఇక్కడ దానికి కరణం, మునసబు, మోతుబరి రైతు చాలు.

ఈ పరిస్థితిలో అందరూ ఒకేలా నిలబడ్డారని చెప్పలేం. పల్లెలో కొన్ని కుటుంబాలు మాత్రమే మారినచోట ఒత్తిడి భరించడం కష్టమైంది. పెద్దమాదిగతో సహా పల్లె మొత్తం మారినచోట రైతులకు వేరే తోలుపనివారు దొరక్క, కొంతకాలానికి వారే దిగివచ్చే అవకాశం ఏర్పడింది. సామూహికంగా మతం మారడాన్ని ‘మందమనస్తత్వం’గా కొట్టిపారేసే వ్యాఖ్యానం ఈ విషయాన్ని పట్టించుకోదు. ఒంటరిగా నిలబడలేనివారు కలిసి నిలబడే మార్గం అదే. విశ్వాసంలో తటపటాయింపు తొలగడానికి అంతరంగబలంతోపాటు పక్కింటివారి తోడు కూడా కావలసివచ్చింది.

వారు ఏం వదులుకోలేదో కూడా అంతే ముఖ్యం. క్రైస్తవులైన మాదిగలు చెప్పులు కుట్టడం మానలేదు, తోలు పదును చేయడం మానలేదు, రైతుల పొలాలకు వెళ్లడం మానలేదు. వారిని ఊళ్లనుంచి తెచ్చి మిషను ఆవరణలో కాపురం పెట్టించే పద్ధతికి క్లౌ మొగ్గుచూపలేదు. ఎవరి ఊళ్లో వారు, ఎవరి వృత్తిలో వారు ఉండాలన్నది ఆయన అభిప్రాయం. ప్రచారకులు కూడా గురువులు శిష్యుల ఇళ్లనుంచి గింజలు స్వీకరించినట్లు పల్లెల ఆదరణపైనే చాలావరకు బతకాలని ఆశించాడు. అవసరమైనచోట గ్రామపెద్దలతో మాట్లాడాడు. మాట వినకపోతే ఆంగ్లేయ అధికారులను ఆశ్రయించాడు. లొంగకూడని విషయాలను మూడింటికి పరిమితం చేసి, మిగిలినవాటిలో సర్దుబాటుకు చోటిచ్చిన ఈ పద్ధతివల్లనే పేదలకు నిరాకరణ సాధ్యమైంది. అన్నిటినీ ఒకేసారి వదలమని ఉంటే వారు మిషనుపై శాశ్వతంగా ఆధారపడేవారు. అప్పుడు ఒక యజమానిని విడిచి మరో యజమానిని చేరినట్లయ్యేది.

అధికారుల అండ విషయంలో ఒక మాట చెప్పుకోవాలి. తెల్లదొర తమ పక్షాన ఉన్నాడన్న ధైర్యం మాదిగల నిర్ణయంలో ఒక అంశమన్నది నిజం. దీన్నిబట్టి వారి విశ్వాసాన్ని శంకించడం న్యాయం కాదు. దొర ఒంగోలులో ఉంటాడు. రైతు పక్కనే ఉంటాడు. దొర వచ్చేలోపు గడిచే వారాలలో పస్తులుండవలసినది పల్లెవారే.

6. ధాత కరువు: ఎదురుదిశలో వచ్చిన పరీక్ష

1876–1878 మధ్య దక్షిణ భారతాన్ని పట్టి కుదిపిన కరువును తెలుగు ప్రజలు ధాత కరువుగా గుర్తుంచుకున్నారు. అంతవరకు క్రైస్తవం స్వీకరించడం నష్టదాయకంగా ఉండేది. కరువులో అది లాభదాయకంగా కనిపించే ప్రమాదం ఏర్పడింది. భారతదేశం రాకముందు మిన్నెసోటాలో ప్రభుత్వ సర్వేయరుగా పనిచేసిన క్లౌ, బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకాన్ని గుత్తకు తీసుకున్నాడు. వేలాదిమంది ఆకలిబాధితులకు అక్కడ కూలి దొరికింది. ఆయన ప్రచారకులు పనిని పర్యవేక్షిస్తూ, విరామవేళల్లో ప్రజలతో మాట్లాడేవారు.

బాప్తిస్మం కోరేవారి సంఖ్య పెరిగింది. కూలి ఇచ్చే చేయి, బాప్తిస్మమిచ్చే చేయి ఒకటే అయినప్పుడు విశ్వాసానికి, ఆకలికి మధ్య గీత ఎక్కడ గీయాలన్న ప్రశ్న వచ్చింది. సహాయం అందుతున్నంతకాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వరాదని క్లౌ నిర్ణయించాడు. దాదాపు పదిహేను నెలలు ఆ నిర్ణయం అమలైంది. అంకెలు చూపి స్వదేశంలో మెప్పు పొందే అవకాశాన్ని మిషను వదులుకుంది. ఇక్కడ తటపటాయింపు బలహీనత కాదు, వివేకం.

1878 జూన్ నాటికి కరువు సహాయం ముగిసింది. ఇక ఇవ్వడానికి డబ్బు లేదని చెప్పినా ప్రజలు వెల్లంపల్లికి వచ్చారు. సహాయం కోసం రాలేదని, విశ్వాసంలో చేరడానికే వచ్చామని పట్టుబట్టారు. జులై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది గుండ్లకమ్మ నదిలో బాప్తిస్మం పొందారు. మూడు రోజుల మొత్తం 3,536. జూన్ మధ్యనుంచి జులై ఆఖరు వరకు ఈ సంఖ్య 8,691కి చేరింది. జులై 3న బాప్తిస్మమిచ్చినవారు ఆరుగురు తెలుగు ప్రచారకులు. ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీటిలో నిలిచారు. క్లౌ ఆరోజు స్వయంగా ఎవరికీ ఇవ్వలేదు.

‘బియ్యపు క్రైస్తవులు’ అన్న అపవాదును ఈ కాలక్రమంతో సరిపోల్చి చూడాలి. బియ్యం దొరికిన నెలల్లో బాప్తిస్మం లేదు. బాప్తిస్మం జరిగిన నెలల్లో బియ్యం లేదు. కరువులో పొందిన ఆదరణ వారి మనసులపై ప్రభావం చూపలేదని దీని అర్థం కాదు. ఆకలివేళ ఆదుకున్నవారి మాట వినాలనిపించడం సహజం. అయితే కృతజ్ఞత వేరు, అమ్ముడుపోవడం వేరు. వాళ్లు చేరబోయే సంఘం తమను మళ్లీ మూడు నియమాలకు, వాటి వెనుక పొంచివున్న గ్రామబహిష్కారానికి అప్పగిస్తుందని పదేళ్లుగా చూస్తూనే ఉన్నారు.

7. మిగిలిపోయిన ప్రశ్నలు

మూడు నియమాలను విముక్తిసాధనంగా మాత్రమే చూస్తే చరిత్ర అసంపూర్ణమవుతుంది. మొదటిది, చచ్చిన పశువు మాంసంపై నిషేధం అగ్రవర్ణాల శుచి భావనతో కలిసిపోయింది. ఆకలి సృష్టించిన అలవాటును పాపంగా చెప్పినప్పుడు, ఆ ఆకలిని సృష్టించిన వ్యవస్థ విమర్శనుంచి తప్పించుకుంటుంది.

రెండవది, డప్పు. విగ్రహారాధనతో ముడిపడినందువల్ల మిషను దానిని అనుమానంతో చూసింది. వెట్టిగా వాయించవలసివచ్చినంతకాలం దాన్ని కింద పెట్టడం స్వాతంత్ర్యమే. కానీ ఒక జాతి తరతరాల లయజ్ఞానం కూడా దానితోపాటు సంఘం వెలుపల ఉండిపోయింది. 1994లో మాదిగ దండోరా ఉద్యమం పుట్టినది ప్రకాశం జిల్లా ఈదుముడిలో. ఒకప్పుడు క్లౌ, పేరయ్య తిరిగిన సీమ అది. ఆ ఉద్యమం డప్పునే తన గుర్తుగా ఎత్తుకుంది. తాతలు నిరాకరణకు గుర్తుగా దించినదాన్ని మనవలు ఆత్మగౌరవానికి గుర్తుగా ఎత్తారు. పైకి పరస్పరవిరుద్ధంగా కనిపించినా, డప్పు ఎవరికోసం, ఎవరి ఆజ్ఞపై మోగాలో తామే నిర్ణయించుకోవడమన్న అంశం రెండింటిలోనూ ఉమ్మడిగా ఉంది.

మూడవది, రాజీ భారం ఇప్పటికీ అసమానంగానే ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దాన్ని విస్తరించారు. క్రైస్తవులైన దళితులకు అది వర్తించలేదు. తెలుగు రాష్ట్రాలలో వారు వెనుకబడిన తరగతుల ‘సి’ విభాగంలో ఉన్నారు. దీనివల్ల కాగితంపై ఒక మతం, ఆరాధనలో మరో మతం అన్న సంకటస్థితి ఎన్నో కుటుంబాలకు ఎదురవుతోంది. క్రీ.శ. 250 నాటి ధ్రువపత్రం, నేటి ధ్రువపత్రం ఒకటి కావు. అది ప్రాణభయంతో తీసుకున్నది, ఇది చదువు, ఉద్యోగాల అవసరంతో ముడిపడినది. అయినా ఈ కుటుంబాలను ద్విమనస్కులని నిందించేముందు, సిప్రియను చూపిన తరతమవివేచన అవసరం. పత్రం అడిగే వ్యవస్థను ప్రశ్నించకుండా, పత్రం తీసుకున్నవాడినే దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు.

8. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలను ఈ విధంగా క్రోడీకరించవచ్చు.

1. ఒంగోలు మాదిగ క్రైస్తవులకు ‘లోకం’ అంటే గ్రామ వృత్తి ఒడంబడిక. మూడు నియమాలు వరుసగా దానిలోని శ్రమ, ఆహారం, ఆచారం అనే బంధాలను తాకాయి.

2. రాజీ ప్రలోభం మతం మారినవారికే పరిమితం కాలేదు. అగ్రవర్ణాల ఆదరణ, అంకెల ఆకర్షణ అనే రూపాలలో మిషనుకు కూడా అది ఎదురైంది. 1867లో మాదిగలను చేర్చుకోవడం, కరువుకాలంలో బాప్తిస్మం నిలిపివేయడం అన్న రెండు నిర్ణయాలు ఈ ప్రలోభానికి సమాధానాలు.

3. నిరాకరణ నిలబడడానికి కారణాలు మూడు: లొంగకూడని విషయాలు కొద్దిగా, స్పష్టంగా ఉండడం, వృత్తి, ఊరు విడవకపోవడం, ఒంటరిగా కాక పల్లెగా కలిసి నిలవడం.

4. పేరయ్య వంటివారి స్థిరత్వానికి యోగసాధన మొదలైన దేశీయ మూలాలున్నాయి. మిషను రాకతోనే మాదిగల ధిక్కారం మొదలైందన్న అభిప్రాయాన్ని సవరించుకోవాలి.

5. ఆ నియమాలు కొన్ని నష్టాలను కూడా మిగిల్చాయి. డప్పు విషయంలో తర్వాతి తరాలు చేసిన పునర్నిర్ణయాన్ని ఆ చరిత్రకు కొనసాగింపుగా చదవాలి.

రాజీపడవద్దని చెప్పే ప్రతి బోధకునికీ, దాన్ని అధ్యయనం చేసే ప్రతి పరిశోధకునికీ ఈ చరిత్ర ఒక ప్రశ్న వేస్తుంది: ఆ మాటకు కట్టుబడితే ఎవరి ఇంట్లో పొయ్యి ఆరుతుంది? 1867లో ఆ ప్రశ్నకు జవాబు మాదిగపల్లె అని అందరికీ తెలుసు. అయినా ఆ పల్లె ఆదివారం పనికి వెళ్లలేదు. ఆ నిర్ణయాన్ని భక్తిగాథగానో బతుకుతెరువు ఎత్తుగడగానో కుదించకుండా, తెలిసి తీసుకున్న నైతిక నిర్ణయంగా గుర్తించడం తెలుగు సామాజిక చరిత్ర రచనకు అవసరం. ఒక్కొక్క పల్లెలో బహిష్కారం ఎన్నాళ్లు సాగింది, ఎలా ముగిసింది అన్న విషయాలను సంఘ రిజిస్టర్లు, మౌఖిక చరిత్రల సాయంతో పరిశీలిస్తే ఈ అధ్యయనం మరింత ముందుకు సాగుతుంది.